శివారులో అద్దెకిచ్చేందుకు ఫ్లాట్ కొనడం ఎలా: మియాపూర్ దారిలో ఒక లెక్క

అద్దెకు ఇవ్వడం కోసం ఫ్లాట్ కొనాలనుకునేవారు సాధారణంగా ఒక ఆదివారం మధ్యాహ్నం మధ్యవర్తితో బయలుదేరి, ఖాళీగా ఉన్న నాలుగైదు ఇళ్లు తాళాలు తీయించి చూసి, గాలీ వెలుతురూ బాగున్న ఒకదాన్ని మెచ్చి, టోకెన్ అడ్వాన్సు ఇచ్చి ఇంటికి వస్తారు. మీరు కాపురం ఉండబోయే ఇంటికైతే ఆ పద్ధతి కొంతవరకు చెల్లుతుందేమో గాని అద్దె ఇంటికి చెల్లదు; ఎందుకంటే అందులో ఉండబోయేది మీరు కాదు, సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు ఆఫీసుకు పరుగెత్తవలసిన మరొకరు. ఆ మరొకరి దృష్టితో ఇల్లు వెతకడం దగ్గర నుంచి, వారు ఖాళీ చేసి వెళ్లిన రోజున తాళంచెవి తీసుకోవడం వరకు చేయవలసిన పనులను హైదరాబాదు వాయవ్య శివారును, అంటే మియాపూర్, నిజాంపేట, బాచుపల్లి, చందానగర్ వైపును ఉదాహరణగా తీసుకుని వరుసగా వివరిస్తాను. ఈ ప్రాంతంలో నావి రెండు ఫ్లాట్లు అద్దెకు ఉన్నాయి. వాటిలో ఒకటి తెలివిగా కొన్నది, రెండోది తెలివి రావడానికి కొన్నది.

ముందు స్టేషన్, తర్వాతే ఫ్లాట్

ఏదైనా పనిరోజున ఉదయం ఎనిమిదింటికి మియాపూర్ మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర ఒక అరగంట నిలబడండి. బాచుపల్లి వైపు నుంచి వచ్చే షేర్ ఆటోలు ఎక్కడ ఆగుతున్నాయో, ద్విచక్ర వాహనాలు ఎక్కడ పెడుతున్నారో, నడిచి వచ్చేవారు ఏ సందులోంచి వస్తున్నారో గమనిస్తే మీ అద్దెదారు ఎక్కడ ఉంటాడో మధ్యవర్తి చెప్పకుండానే మీకు తెలుస్తుంది. 2017 నవంబరులో మెట్రో మొదలైనప్పటి నుంచి ఈ ప్రాంతం నుంచి అమీర్‌పేటకు చేరడం సులువైంది. 2019లో రాయదుర్గం వరకు రెండో మార్గం పూర్తయ్యాక అమీర్‌పేటలో రైలు మారి హైటెక్ సిటీకి వెళ్లేవారు కూడా ఈ స్టేషన్‌కు వస్తున్నారు. రైలు ఇక్కడే బయలుదేరుతుంది కాబట్టి మియాపూర్‌లో ఎక్కేవారికి కూర్చునే చోటు దొరుకుతుంది; తర్వాత వచ్చే జేఎన్‌టీయూ కాలేజీ, కేపీహెచ్‌బీ స్టేషన్లలో ఆ భాగ్యం తగ్గుతూ పోతుంది. రోజూ గంటన్నర ప్రయాణించే మనిషికి ఇది చిన్న విషయం కాదు, ఇల్లు ఎంచుకునేటప్పుడు దీన్ని లెక్కలోకి తీసుకునేవారు ఉన్నారు. 2003 నుంచి నడుస్తున్న లోకల్ రైలు సర్వీసు ఎంఎంటీఎస్‌లో లింగంపల్లి, చందానగర్, హఫీజ్‌పేట నుంచి నేరుగా హైటెక్ సిటీ స్టేషన్‌కు వెళ్లవచ్చు, టికెట్టు కూడా చౌక. కాని మెట్రోలాగా నిమిషాల వ్యవధిలో రైళ్లు ఉండవు కాబట్టి ఒకటి తప్పితే ఆ పూట ఆలస్యమే. అందువల్ల కేవలం ఎంఎంటీఎస్‌ను నమ్ముకున్న ఫ్లాటు కంటే మెట్రోకు దగ్గరగా ఉన్న ఫ్లాటుకే నేను మొగ్గు చూపుతాను.

స్టేషన్ తేలాక, చూడబోయే ప్రతి ఫ్లాటు గేటు నుంచి ప్లాట్‌ఫారం వరకు గడియారం పెట్టుకుని మీరే నడవండి. మధ్యవర్తి చెప్పే "ఐదు నిమిషాలు" బండి మీద, అదీ తెల్లవారుజామున. ఒకసారి ఉదయం, మరొకసారి వాన పడిన సాయంత్రం ఏడు గంటలకు నడిచి చూస్తే వీధిలైట్లు వెలగని మలుపులు, మోకాలి లోతు నీరు నిలిచే చోట్లు, ఆడపిల్లలు ఒంటరిగా నడవడానికి జంకే ఖాళీ స్థలాలు కనబడతాయి. పదిహేను నిమిషాల లోపు నడక, లేదా ఒకే షేర్ ఆటోలో చేరగలిగే దూరం, ఈ రెండింటిలో ఏదీ కాని ఫ్లాటు ఎంత అందంగా ఉన్నా దాన్ని జాబితాలోంచి తీసేయండి. మియాపూర్ నుంచి పటాన్‌చెరు వరకు మెట్రోను పొడిగించాలన్న ప్రతిపాదనను చూపించి ఇప్పుడే ఎక్కువ ధర అడిగేవారు మీకు తప్పక తారసపడతారు. కాగితం మీది గీతను చూసి అద్దెదారు రాడు కాబట్టి, ఈ రోజు నడుస్తున్న రైలుకు మాత్రమే విలువ కట్టండి.

అద్దెదారులందరూ ఐటీ ఉద్యోగులే అనుకోకండి. పిల్లల ఇంటర్మీడియట్ చదువు కోసం జిల్లాల నుంచి వచ్చి రెండేళ్లు ఉండి వెళ్లే కుటుంబాలు బాచుపల్లి, నిజాంపేట వైపు చాలా ఉన్నాయి. ఇటువంటి కుటుంబాలు మే, జూన్ నెలల్లోనే ఇల్లు వెతుకుతాయి, ఆ నెలల్లోనే ఖాళీ చేస్తాయి. కనుక కొనుగోలు ఏ నెలలో పూర్తయినా, సున్నాలూ మరమ్మతులూ ఏప్రిల్ ఆఖరుకల్లా ముగిసేటట్టు చూసుకోండి. ఆగస్టులో ఖాళీ అయిన ఫ్లాటు కొన్నిసార్లు దసరా దాకా అలాగే ఉండిపోతుంది.

కాగితం మీద లెక్క వేయండి

ఈ దశలో చాలామంది తమను తాము మోసం చేసుకుంటారు కాబట్టి కొంచెం వివరంగా చూద్దాం. లెక్క కోసం 60 లక్షల రూపాయల పాత రెండు పడకగదుల ఫ్లాటు, దానికి నెలకు 20,000 రూపాయల అద్దె అనుకుందాం. తెలంగాణలో స్టాంపు డ్యూటీ 5.5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5 శాతం కలిపి 7.5 శాతం అవుతుంది. పూర్తి ధరకు రిజిస్టరు చేయిస్తే అది 4.5 లక్షలు. మధ్యవర్తికి ఒక శాతం చొప్పున 60,000, సున్నాలకూ కుళాయిలకూ వంటింటి చెక్కపనికీ ఒక లక్షన్నర కలిపితే మీ చేతిలోంచి పోయేది 60 లక్షలు కాదు, 66.6 లక్షలు.

ఇప్పుడు రాబడి. ఏడాదికి పన్నెండు నెలల అద్దె లెక్కించకండి, పదకొండే లెక్కించండి. అద్దెదారు మారిన ఏడాది ఒక నెల పోవడం మామూలే. ఆ 2,20,000లోంచి ఆస్తిపన్ను, చిల్లర మరమ్మతులు, కొత్త అద్దెదారును తెచ్చినందుకు మధ్యవర్తికిచ్చే రుసుము కలిపి ఒక 30,000 తీసేస్తే మిగిలేది 1,90,000. అంటే పెట్టిన సొమ్ము మీద మూడు శాతం కూడా రావడం లేదు. బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ ఇంతకంటే ఎక్కువే ఇస్తుందని మీ బావగారు అంటే ఆయన మాట నిజమే. అద్దెతో పాటు స్థలం విలువ పెరుగుతుందన్న నమ్మకం ఉంటేనే ఈ పనికి అర్థం ఉంటుంది. ఆ పెరుగుదల ఎంతో ఎవరూ చెప్పలేరు కాబట్టి, ధర అసలు పెరగకపోయినా పదేళ్లు భరించగలనా అని ముందు అడిగి చూసుకోండి.

రుణం తీసుకుంటే పరిస్థితి ఇంకా బిగుసుకుంటుంది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షలకు మించి 75 లక్షల వరకు ఇచ్చే గృహరుణం ఆస్తి విలువలో 80 శాతం దాటకూడదు, రిజిస్ట్రేషన్ ఖర్చులను ఆ విలువలో కలపరు. అంటే మన ఉదాహరణలో గరిష్ఠంగా 48 లక్షలు వస్తుంది, మిగిలిన 18.6 లక్షలు మీవే కావాలి. ఎనిమిదిన్నర శాతం వడ్డీతో ఇరవై ఏళ్లకు నెలసరి వాయిదా సుమారు 41,650 రూపాయలు. అద్దె 20,000 పోగా ప్రతి నెలా 21,000కు పైగా మీ జీతంలోంచి కట్టాలి, ఫ్లాటు ఖాళీగా ఉన్న నెల మొత్తం వాయిదా మీదే. అందుకని కనీసం ఆరు వాయిదాలకు సరిపడే రెండున్నర లక్షలను విడిగా పక్కన పెట్టి, ఆ తర్వాతే ఇల్లు చూడడానికి బయలుదేరండి. "అద్దే ఈఎంఐ కట్టేసుకుంటుంది" అనే మాట ఈ వైపు ధరలకూ అద్దెలకూ సరిపోదు. సగం కడుతుంది, అంతే.

ఆదాయపు పన్ను విషయంలో కూడా పాత మాటలు నమ్మకండి. వచ్చిన అద్దెలోంచి మీరు కట్టిన ఆస్తిపన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం ఖర్చుల కింద మినహాయించి, ఆపైన రుణం వడ్డీని తగ్గించుకోవచ్చు. మన ఉదాహరణలో మొదటి ఏడాది వడ్డీ నాలుగు లక్షలు దాటుతుంది కాబట్టి కాగితం మీద నష్టం తేలుతుంది. పాత పన్ను విధానంలో ఉన్నవారు ఆ నష్టంలో రెండు లక్షల వరకు జీతం ఆదాయంలోంచి తగ్గించుకుని, మిగతాది ఎనిమిదేళ్ల వరకు తర్వాతి అద్దె ఆదాయానికి సర్దుకోవచ్చు. కొత్త విధానంలో ఉన్నవారికి జీతంలోంచి తగ్గించుకునే వీలు లేదు. పన్ను ఆదా కోసమే కొంటున్నానని చెప్పేవారు ముందు తాము ఏ విధానంలో ఉన్నారో చూసుకోవడం మంచిది.

భవనాన్ని చూసే పద్ధతి: వాచ్‌మన్, నీళ్లు, లెక్కల పుస్తకం

నా రెండో ఫ్లాటు కథ ఇక్కడ చెప్పాలి. డిసెంబరులో చూశాను, కుళాయి తిప్పితే నీళ్లు ధారగా వచ్చాయి, సంతోషించాను. మార్చి మూడో వారానికి ఆ భవనంలోని ఒక్కగానొక్క బోరు గాలి కక్కింది. రోజుకు రెండు ట్యాంకర్లు దిగడం, మెయింటెనెన్స్ రెట్టింపు కావడం, ఉదయం ఆరు నుంచి ఏడు వరకే నీళ్లు వదలడం మొదలయ్యాయి. చంటిపిల్లతో ఉన్న అద్దెదారులు మర్యాదగానే నోటీసు ఇచ్చి ఏప్రిల్‌లో వెళ్లిపోయారు, ఫ్లాటు మూడు నెలలు ఖాళీగా ఉంది. తప్పు ఎవరిదీ కాదు, అడగవలసిన ప్రశ్న నేను అడగలేదు.

కనుక భవనంలోకి వెళ్లగానే యజమానితో కాక వాచ్‌మన్‌తో మాట్లాడండి. బోర్లు ఎన్ని, ఎంత లోతు, మంజీరా కనెక్షన్ ఉందా, ఉంటే ఎన్ని రోజులకు ఒకసారి వదులుతారు, పోయిన మే నెలలో రోజుకు ఎన్ని ట్యాంకర్లు దిగాయి అని అడగండి. ఫ్లాటు యజమానుల సంఘం అధ్యక్షుడికంటే వాచ్‌మన్‌కే ఇవి బాగా తెలుసు. ఆ తర్వాత సంఘం కార్యదర్శిని కలిసి ఏప్రిల్, మే నెలల జమాఖర్చుల పుస్తకం చూపించమని కోరండి. చూపించడానికి ఇష్టపడని సంఘంలో లిఫ్టు మరమ్మతుకో మోటారుకో డబ్బు వసూలు కాక ఇబ్బంది పడుతూ ఉండే అవకాశం ఎక్కువ. ఇరవై ముప్ఫై ఫ్లాట్లున్న చిన్న అపార్ట్‌మెంటులో మెయింటెనెన్స్ తక్కువ. ఈత కొలను, క్లబ్ హౌస్ ఉన్న గేటెడ్ కమ్యూనిటీలో చదరపు అడుగుకు ఇంత అని వసూలు చేస్తారు. ఈ ఊళ్లో మెయింటెనెన్స్ అద్దెదారే కట్టడం ఆనవాయితీ కాబట్టి అది మన జేబులోది కాదని అనిపిస్తుంది గాని, అద్దెదారు చూసుకునేది రెండూ కలిపి నెలకు ఎంత అన్నదే. మెయింటెనెన్స్ పెరిగితే మీ అద్దె అంత మేరకు పెరగకుండా ఆగుతుంది.

వాస్తు గురించి ఒక మాట. తూర్పు వాకిలి ఫ్లాటుకు కొనేవారు ఎక్కువ ఇస్తారు, దక్షిణం వాకిలికి తగ్గిస్తారు. అద్దెకు వచ్చేవారిలో మాత్రం ఆ పట్టింపు చాలా తక్కువ. దక్షిణం వాకిలి ఫ్లాటు మీకు తక్కువకు దొరికితే అద్దె శాతం మెరుగవుతుంది, కాని మీరు అమ్మేటప్పుడు మీకూ తక్కువే వస్తుందని గుర్తుంచుకోండి. కారు పార్కింగు దస్తావేజులో రాసి ఉండాలి, నోటిమాట చాలదు. భూమిలో మీకు వచ్చే అవిభాజ్య వాటా ఎన్ని గజాలో కూడా చూడండి. పాతికేళ్ల తర్వాత భవనం పాతబడినప్పుడు మీ చేతిలో మిగిలేది ఆ గజాలే.

కాగితాలు

మీ కోసం ఒక న్యాయవాదిని మీరే పెట్టుకోండి. బ్యాంకు న్యాయవాది చూశాడు గదా అని ఊరుకోకండి, ఆయన చూసేది బ్యాంకు సొమ్ము భద్రత వరకే. ముప్ఫై ఏళ్ల లింకు దస్తావేజులు (ఆస్తి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే పాత పత్రాలు), అంతే కాలానికి ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), మంజూరైన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనం నివాసానికి యోగ్యమని ఇచ్చే అనుమతి), ఆస్తిపన్ను రసీదులు అడగండి. ప్లానులో ఎన్ని అంతస్తులకు అనుమతి ఉందో, వీధిలోంచి చూస్తే ఎన్ని కనబడుతున్నాయో లెక్కపెట్టండి. పైన అదనంగా లేపిన పెంట్‌హౌస్ చవగ్గా దొరుకుతుంది. భవనాల క్రమబద్ధీకరణకు దరఖాస్తు పెట్టామని చెప్పడం అనుమతి కిందికి రాదు. సర్వే నంబరు నిషేధిత ఆస్తుల జాబితాలో, అంటే 22-ఏ కింద ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో చూడవచ్చు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ మీద జరిగిన అమ్మకం యాజమాన్య హక్కును ఇవ్వదని సుప్రీంకోర్టు 2011లోనే స్పష్టం చేసింది, అయినా అటువంటి కాగితాలతో ఇప్పటికీ ఇళ్లు చేతులు మారుతూనే ఉన్నాయి.

ఈ వైపు చెరువులు, కుంటలు ఎక్కువ. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న కుంటలకు 9 మీటర్లు బఫర్ జోన్ కింద వదలాలి. 2024లో చెరువుల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడిన తర్వాత ఈ హద్దులను ఎవరూ తేలిగ్గా తీసుకోవడం లేదు. హెచ్‌ఎండీఏ (హైదరాబాదు మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల పటాల్లో మీ సర్వే నంబరు ఎక్కడ పడుతుందో చూసి, సందేహం ఉంటే నీటిపారుదల శాఖ నుంచి రాతపూర్వకంగా తెలుసుకోండి.

నిర్మాణంలో ఉన్న ఫ్లాటును మొదటి కొనుగోలుగా ఎంచుకోవద్దని నా అభిప్రాయం. రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు ఉన్నా పూర్తయ్యేదాకా అద్దె రాదు, వడ్డీ మాత్రం నడుస్తుంది, పైగా సాధారణంగా 5 శాతం జీఎస్టీ కట్టాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన ఇంటికి జీఎస్టీ లేదు.

రిజిస్ట్రేషన్ రోజున, ఆ వారంలో

ధర 50 లక్షలు, అంతకు మించితే అమ్మేవారికి ఇచ్చే సొమ్ములోంచి ఒక శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను) మినహాయించి ప్రభుత్వానికి కట్టే బాధ్యత కొనేవారిదే. మన ఉదాహరణలో అది 60,000 రూపాయలు. మినహాయించిన నెల ముగిసిన 30 రోజుల్లోగా ఆన్‌లైన్‌లో కట్టి, సర్టిఫికెట్ అమ్మినవారికి ఇవ్వాలి. అమ్మేవారు విదేశాల్లో స్థిరపడినవారైతే ఈ ఒక శాతం వర్తించదు, మినహాయించవలసినది చాలా ఎక్కువ ఉంటుంది కాబట్టి చార్టర్డ్ అకౌంటెంటును అడగకుండా డబ్బు చేతులు మార్చకండి. మిగిలిన సొమ్ము ఇచ్చే ముందు సంఘం నుంచి బకాయిలు లేవన్న లేఖ, చివరి కరెంటు బిల్లు రసీదు తీసుకోండి. తర్వాత మీటరును, ఆస్తిపన్నును మీ పేరుకు మార్పించుకోండి.

అద్దెకు ఇవ్వడం

గేటుకు టు-లెట్ బోర్డు తగిలించే ముందు అదే వీధిలో మూడు ఇళ్ల అద్దెలు కనుక్కోండి. పొరుగు కంటే వెయ్యి రూపాయలు ఎక్కువ అడిగి రెండు నెలలు ఖాళీగా ఉంచితే పోయేది 40,000. ఆ వెయ్యితో అది పూడడానికి మూడేళ్లకు పైగా పడుతుంది. "మీరేమిటోళ్లండీ?" అని కులం అడగడం, మాంసం వండుతారా అని వంటింట్లోకి తొంగి చూడడం, పెళ్లికాని వారంటే వెంటనే తల అడ్డంగా ఊపడం ఈ ఊళ్లో ఇంకా ఉన్నాయి. అది మర్యాద కాదన్న సంగతి అటుంచితే, వ్యాపారంగానూ తెలివితక్కువ పనే. అడగవలసినవి వేరు: ఎక్కడ పనిచేస్తున్నారు, ఎంతమంది ఉంటారు, ఇప్పుడున్న ఇల్లు ఎందుకు మారుతున్నారు, ఆ ఇంటి యజమాని ఫోను నంబరు ఇవ్వగలరా. ఆ పాత యజమానితో ఐదు నిమిషాలు మాట్లాడితే చాలా తెలుస్తుంది.

ఈ వైపు రెండు నెలల అద్దె అడ్వాన్సుగా తీసుకోవడం, ఖాళీ చేసేటప్పుడు సున్నాలకు ఒక నెల అద్దె పట్టుకోవడం వాడుక. ఆ సంగతి ఒప్పందంలో ముందే రాయండి. రాయనందువల్లే చివరి రోజున మాటలు పెరుగుతాయి. ఒప్పందాలను సాధారణంగా పదకొండు నెలలకు రాసుకుంటారు. ప్రతి పదకొండు నెలలకు ఎంత శాతం పెంచుతారో, నోటీసు ఎన్ని నెలలో, మోటారు, గీజరు పాడైతే ఎవరు బాగుచేయించాలో అందులో ఉండాలి. తాళంచెవి ఇచ్చే రోజున ఫ్యాన్లు, లైట్లు, కుళాయిలు, గోడలు, కరెంటు మీటరు రీడింగు ఫోనులో వీడియో తీసి ఆ వీడియోను అద్దెదారుకు కూడా పంపండి. ఆధార్ నకలు తీసుకుని, అద్దెదారు వివరాలను స్థానిక పోలీసు స్టేషన్‌లో తెలియజేయండి.

అద్దెను బ్యాంకు ద్వారానే తీసుకోండి. ఉద్యోగి అయిన అద్దెదారు ఏడాదికి లక్ష రూపాయలకు మించిన అద్దెకు ఇంటి అద్దె భత్యం మినహాయింపు కోరితే యజమాని పాన్ నంబరు ఇవ్వవలసి ఉంటుంది కాబట్టి, మీకు వచ్చిన అద్దె ఆదాయపు పన్ను శాఖకు ఎటూ తెలుస్తుంది. అద్దె నెలకు 50,000 దాటితే అద్దెదారు 2 శాతం టీడీఎస్ పట్టుకుంటారు, ఈ వైపు ఫ్లాట్లలో ఆ అవసరం అరుదు.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి ఇక్కడ ఫ్లాటు కొనే తెలుగువారికి రెండు జాగ్రత్తలు ఉన్నాయి. అద్దె ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో, అంటే ప్రవాసులు భారతదేశంలో వచ్చే ఆదాయం కోసం తెరిచే ఖాతాలో, పడాలి. యజమాని ప్రవాసి అయితే అద్దె ఎంత తక్కువైనా అద్దెదారే 30 శాతం, దాని మీద సెస్ కలిపి పన్ను మినహాయించాలి, ఈ సంగతి తెలిసిన అద్దెదారు జంకుతాడు కాబట్టి ముందే విప్పి చెప్పండి. బంధువులకు పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చేటట్టయితే అద్దె వసూలు, మరమ్మతులు, ఒప్పందం సంతకం వరకే పరిమితం చేసి రాయించండి. అమ్మే అధికారం అందులో చేర్చకండి.

ఆ తర్వాత నడిపించడం

ఏడాదికి ఒక నెల అద్దెను మరమ్మతుల కోసం విడిగా ఉంచండి. ఒక ప్లంబరు, ఒక ఎలక్ట్రీషియను, ఒక సున్నాల మేస్త్రి, ఈ ముగ్గురి నంబర్లు అద్దెదారు దగ్గర కూడా ఉండాలి. స్నానాల గది కుళాయి కారుతోందని ఫోను వస్తే ఆ రోజే మనిషిని పంపండి. మూడు వందల రూపాయల వాషరు కోసం వారం రోజులు తాత్సారం చేస్తే కింది ఫ్లాటువారి సీలింగు తడిసి ఆ ఖర్చు వేలల్లోకి వెళ్తుంది. పద్ధతిగా ఉండే అద్దెదారుకు ఒక ఏడాది పెంపు వదిలేసినా నష్టం లేదు, మారిన ప్రతిసారీ ఖాళీ నెల, సున్నాలు, మధ్యవర్తి రుసుము కలిపి అంతకంటే ఎక్కువే అవుతుంది.

ఖాళీ చేసే రోజున మొదట తీసిన వీడియో పక్కన పెట్టుకుని గది గదీ కలిసి తిరగండి. మేకులు కొట్టిన రంధ్రాలకు, పాతబడి వెలిసిన రంగుకు అడ్వాన్సులో కోత పెట్టకండి, అవి సున్నాల నెలలోనే పోతాయి. పగిలిన వాష్‌బేసిన్‌కు మాత్రం ధర చూపించి పట్టుకోండి. మీటరు రీడింగు రాసుకుని, మిగిలిన సొమ్మును ఆ మనిషి ఇంకా గుమ్మంలో ఉండగానే ఫోనులో పంపించి, తాళంచెవులు మూడూ లెక్కపెట్టి తీసుకోండి. సామాను లారీ కదిలాక వాచ్‌మన్ చేత టు-లెట్ బోర్డు మళ్లీ గేటుకు కట్టించవచ్చు.